గంగాళంలో మునిగిన ఓడ

నాలుగు వందల ఏళ్ళ కిందటి మాట. కాళయుక్తి నామ సంవత్సరం. ఆ ఏడు లోకంలో జరిగినవన్నీ గవ్వలరేవులోనే జరిగాయి. ఇంకెక్కడా ఏమీ జరగలేదని కాదు. జరిగాయి, కాని రేవు పెత్తనం చూసే హవాల్దారు గారు చూడలేదు కనుక జరగనట్టే.

ఎందుకలా అంటే దానికో కారణం ఉంది. రేవుకు ఓడలు వస్తాయి, ఓడలతోపాటు కబుర్లు వస్తాయి. ఏ దేశంలో ఏ రాజు పోయాడు, ఎక్కడ భూమి అదిరింది, ఎవరి మీదికి ఎవరు దండెత్తారు, ఇవన్నీ పోగుచేసి, ఏడాదికొకసారి ఉగాది ముందురోజున పుస్తకం కట్టి రాజధానిలో పాదుషా వారికి పంపడం రేవు కచేరీ పని. అంతకు ముందు ఏడు పంపిన పుస్తకంలో, పడమటి సముద్రంలో ఫలానా దీవి జనంతో సహా మునిగిపోయిందని రాశారు. పాదుషా వారు జాలిపడి మూడు రోజులు కోటలో నగారా ఆపించారు. నాలుగో రోజున ఆ దీవివాడే ఒకడు కోటగుమ్మం ముందు ఖర్జూరం గంప దించుకుని కూర్చున్నాడు. మీ దీవి ఏమైందయ్యా అని అడిగితే, ఏమవుతుంది, ఈ ఏడు కాపు కూడా బాగుంది అన్నాడట.

దాంతో రాజధాని నుంచి ఫర్మానా వచ్చిపడింది. ఇకమీదట విన్నది రాయకూడదు. అధికారి తన కళ్ళతో చూసిందే రాయాలి. రాసింది జరిగినట్టు, రాయనిది జరగనట్టు. పుస్తకానికి నూట ఎనిమిది సంగతులుండాలి. ఒకటి తగ్గితే అశుభం, ఒకటి పెరిగితే దుబారా.

ఇంకొకరైతే ఆ కాగితం చదివి తల పట్టుకునేవారు. గవ్వలరేవు హవాల్దారు పేరయ్య పంతులు గారు తల పట్టుకునే మనిషి కాదు. తాంబూలం నమిలినంతసేపు ఆలోచించి తేల్చేశారు. లోకంలో ఉన్న చోట్లన్నింటికీ తాను వెళ్ళలేరు. కనుక లోకమే కచేరీకి రావాలి. కబురు తెచ్చినవాళ్ళు ఆ కబురును కచేరీ వాకిట్లో, కచేరీ వేళల్లో, ఆయన ఎదుట చేసి చూపించాలి. ఆయన చూస్తారు. చూసి "చూచితిమి" అంటారు. పక్కన కూర్చున్న రాయసం గవర్రాజు కలం ముంచి రాస్తాడు. అంతటితో అది లోకంలో జరిగినట్టు.

"దృష్టికి వచ్చినది సంగతి, దృష్టికి రానిది పుకారు," అని ఊరంతా దండోరా వేయించారు.

మొదట్లో జనానికి అది తిరణాల లాగే ఉంది. తురుష్కుల రూము దేశంలో సుల్తానును గద్దె దింపి, పదమూడేళ్ళ పిల్లవాణ్ణి ఎక్కించారని ఒక ఓడవాడు చెప్పాడు. దిగే సుల్తానుగా కుమ్మరి వీరన్నను పీట మీద కూర్చోబెట్టారు. తీరా కూర్చోబెట్టాక చిక్కొచ్చింది. ఫర్మానా ప్రకారం చూసిందంతా నిజం కనుక, పీట మీదున్నది నిజంగా సుల్తానే. పంతులు గారు లేచి మూడు సలాములు చేయవలసి వచ్చింది. వీరన్న మూడూ పుచ్చుకుని, వంగడం ఇంకాస్త ఉండాలేమో అన్నాడట. ఆ మధ్యాహ్నమే ఒక సవరణ పుట్టింది. గొప్పవారి వేషం గొప్పవారే కట్టాలి. అప్పట్నుంచి రాజులందరూ పంతులు గారే. పోయిన రాజూ ఆయనే, గద్దెనెక్కిన కొడుకూ ఆయనే. ఒక్కొక్క రోజు తనకు తానే రాయబారం పంపుకుని, తానే వచ్చి, తానే లేచి ఎదురు వెళ్ళేవారు.

ఆకాశంలో మూడు తోకచుక్కలు ఒకదాని వెనక ఒకటి లేచాయి ఆ ఏడు. తెల్లవారుజామున కళ్ళున్న ప్రతివాడూ చూశాడు. పంతులు గారూ చూశారు, చెంబు పట్టుకుని పెరట్లో నిలబడి. అయితే చెంబుతో చూసింది కచేరీ చూపు కాదు. అందుకని మిట్టమధ్యాహ్నం ముగ్గురు మనుషులు కాగడాలు పట్టుకుని కచేరీ కప్పు మీద తూర్పు నుంచి పడమరకు పరిగెత్తారు. మూడోవాడికి కాలు జారింది. కాగడా పోయి గుర్రాలశాల మీద పడింది. మూడో తోకచుక్క భూమిని తాకెను, రెండు గుర్రాలకు తోకలు కాలెను, అని గవర్రాజు రాశాడు.

రూముకూ పారసీకానికీ సంధి కుదిరిందని, ఏటా వంద బరువుల పట్టు చేతులు మారేట్టు ఒప్పుకున్నారని ఇంకో కబురు. పట్టుకు బదులు వంద గడ్డిమోపులు పేర్చారు. ఒక దేశం పంతులు గారు. రెండో దేశానికి సరితూగే గొప్పవాడు ఊళ్ళో ఒక్కడే, కోట ఫిరంగులు చూసుకునే ఖిలేదారు తిమ్మానాయుడు. వాళ్ళిద్దరి ఇళ్ళకూ నడిమి గోడ మీద ఒక పనసకొమ్మ ఉంది. ఆ కొమ్మకాయలు ఎవరివన్న విషయంలో ఆరేళ్ళుగా మాటల్లేవు. సంధి కోసం కావలించుకోమంటే కావలించుకున్నారు. ఆ కావలింతలోనే నాయుడు చెవిలో పనసకాయ మాట ఎత్తాడు. గడ్డిమోపులు విడిపోయాయి, తలపాగాలు విడిపోయాయి. ఆ రెండు దేశాలకూ గవ్వలరేవు పుస్తకం ప్రకారం ఈ రోజుకూ సంధి లేదు.

ఇదంతా చూసి కడుపు పట్టుకుని నవ్వినవాళ్ళలో ముత్యాలు కూడా ఉంది. రేవులో చేపలమ్ముకునే మనిషి. మొగుడు పోలయ్య బర్మా తీరాన పెగూ దేశం పోయే ఓడలో చుక్కాని పట్టేవాడు. ఇంట్లో తనూ, అత్త సూరమ్మా. పెగూ ఓడ భాద్రపదంలో వెళితే ఫాల్గుణంలో వస్తుంది. నడుమ నెలలన్నీ ముత్యాలుకు నవ్వడానికి ఏదో ఒకటి కావాలి, కచేరీ ఉండనే ఉంది.

కార్తీకంలో తుఫాను పట్టింది. ఒక చిన్న పడవవాడు ఒడ్డుకు కొట్టుకొచ్చి, పెగూ ఓడ తెరచాప చిరిగి గాలికి పోతుండగా చూశాను, ఆ తరవాత ఏమైందో తెలియదు అన్నాడు. ఏమైందో తెలియదు అన్న సంగతి పుస్తకంలో పట్టదు. పంతులు గారు ముత్యాలుకు కబురంపారు, వచ్చి చేసి చూపించమని.

ఆమె నవ్వు అక్కడ ఆగింది. అయినా ఒక ఆశ కూడా పుట్టింది. కచేరీలో జరిగిందే లోకంలో జరిగినట్టయితే, కచేరీలో ఓడ తేలితే సముద్రంలోనూ తేలినట్టే కదా. తాటాకుతో తన చేత్తోనే ఓడ కట్టింది. చుక్క నీరు చొరకుండా మైనం పూసింది. మనుషులకు బదులు పదకొండు లవంగాలు పెట్టి, చుక్కాని దగ్గరి లవంగానికి తన పాతచీర దారం కట్టింది. పంతులు గారింటి పెళ్ళిళ్ళ గంగాళం వాకిట్లో పెట్టి, పద్నాలుగు కడవల సముద్రం తెచ్చి పోశారు. ఇద్దరు బంట్రోతులు విసనకర్రలతో తుఫాను వీచారు. ఓడ ఊగింది, ఒరిగింది, మళ్ళీ నిలబడింది. ఎంతసేపు విసిరినా మునగలేదు. జనం సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టారు.

అప్పుడు పంతులు గారు, ఇందులో చుక్కాని ఎటువైపయ్యా అని గంగాళం మీదికి వంగారు. వంగితే నెత్తిమీది ఎర్ర కుళ్ళాయి జారింది. సూటిగా వెళ్ళి ఓడ మీద పడింది. ఓడతో సహా అడుక్కు పోయింది.

చప్పట్లు ఆగాయి. తరవాత ఆయన నడుం నిమురుకుంటూ లేచి, "చూచితిమి," అన్నారు.

అరవై ఒకటో సంగతి. ఆకాశమునుండి గోపురాకారమైన ఎర్రని మేఘము దిగి పెగూ ఓడను కప్పివేయగా, అది మనుషులతో సహా మునిగెను. గవర్రాజు ఇసక చల్లి ఆరబెట్టాడు.

"అయ్యా, అది మేఘం కాదండి, మీ టోపీ అండి," అంది ముత్యాలు.

"మా టోపీ మా తలమీద ఉన్నంతవరకే టోపీ," అన్నారు పంతులు గారు. "గంగాళం సముద్రమని ఒప్పుకున్నదానివి, పైనుంచి పడింది మేఘమని ఒప్పుకోవడానికి ఏమడ్డం?"

మర్నాడు తలారి గుమ్మంలో నిలబడి, పుస్తకం ప్రకారం ముత్యాలు గాజులు తీసేయాలని ఉత్తరువు చదివాడు. సూరమ్మ రోకలి పక్కన పెట్టి బయటికి వచ్చింది.

"నా కొడుకు నిలువెత్తు మనిసి. గంగాళంలో ములిగి సచ్చేటంత పొట్టోడు కాదని మీ పంతులుకి సెప్పు."

తలారి ఆ మాట చెప్పాడో లేదో గాని మళ్ళీ రాలేదు. ముత్యాలు ఆనాటి నుంచి కచేరీ వీధిలో నడిచేటప్పుడు చేతులు కొంగులో దాచుకునేది. పుస్తకంలో విధవ, కొంగులో ముత్తయిదువ. నాలుగు నెలలు అలాగే గడిచాయి. పైకి ధైర్యంగానే ఉండేది. గంగాళం దగ్గర ఆ దారం కట్టిన లవంగాన్ని మాత్రం వెతికి తీసి, ఎండబెట్టి దాచుకుంది.

ఫాల్గుణ బహుళంలో, ఉగాది ఇంకా పదకొండు రోజులుందనగా, ఓడ వచ్చింది.

పాత తెరచాపకు సంచిగుడ్డ అతుకులు, విరిగిన కొయ్యకు తాళ్ళ కట్లు, అయినా ఓడే. గవ్వలరేవులో నీళ్ళు లోతుండవు కనుక పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తాయి. కచేరీ నుంచి చీటీ వెళితే చిన్న పడవలు పోయి మనుషుల్ని దింపుకొస్తాయి. ఊరంతా ఒడ్డుకు పరిగెత్తింది. ఓడ అంచున నిలబడి తలగుడ్డ విప్పి ఊపుతున్న మనిషిని ముత్యాలు ఆ దూరం నుంచే గుర్తుపట్టింది. పోలయ్య ఎడమచేతి వాటం. గుడ్డ ఎడమచేత్తోనే ఊపుతున్నాడు. ఆమె తడిచీరతోనే చీటీ కోసం కచేరీకి పరిగెత్తింది.

పంతులు గారు అరవై ఒకటో సంగతి తీయించి మూడుసార్లు చదివించుకున్నారు. మునిగిన ఓడకు చీటీ ఇవ్వడానికి కట్టడిలో చోటు లేదన్నారు. ఒకసారి చూచితిమి అన్నాక చూడలేదంటే పాదుషా వారి పుస్తకమే అబద్ధమవుతుందన్నారు. ముత్యాలు కాళ్ళమీద పడింది.

"ఒక్కసారి కిటికీలోంచి సూడండి బాబూ. అల్లదిగో, కనబడతానే ఉంది."

"చూస్తే రాయవలసి వస్తుంది," అన్నారాయన, నిజంగానే బాధపడుతూ. "అందువల్ల చూడడం లేదు."

అన్నంత పనీ చేశారు. కచేరీ మేడమీద సముద్రం వైపు ఉన్న కిటికీకి మేకులు కొట్టించారు. వీధిలోకి వస్తే సముద్రం పక్క గొడుగు అడ్డం పెట్టి నడిచే బంట్రోతును వేసుకున్నారు. ఆయన ఎటు తిరిగితే గొడుగు అటు తిరిగేది. ఒక రోజు గాలికి గొడుగు మడతపడితే, బంట్రోతు తన ఒళ్ళే అడ్డం పెట్టి, చేతులు చాపుకుని పక్కపక్కకు నడుస్తూ ఆయన్ను ఇల్లు చేర్చాడు.

ఓడలో నీళ్ళు అడుగంటాయి. ఇద్దరు నావికులు ఈదుకుంటూ ఒడ్డుకు వస్తే, కావలివాళ్ళు వెదురుకర్రలతో మెల్లిగా వెనక్కి తోశారు. మీరు పోయారు బాబూ, దయచేసి వెళ్ళండి, అని మర్యాదగానే చెప్పారట. చేపల పడవల్లో దాచి నీళ్ళకుండలు పంపుతూ ముత్యాలు వాళ్ళను బతికిస్తోంది. దానికీ రెండో రోజున కాపలా పడింది. అయినా రోజుకో కుండ ఎలాగో వెళ్ళేది. కావలివాళ్ళకూ అక్కచెల్లెళ్ళున్నారు, వాళ్ళ మొగుళ్ళూ ఆ ఓడలో ఉన్నారు.

ఇంతలో గవర్రాజు పాత కాగితాలన్నీ తిరగేసి ఒక దారి కనిపెట్టాడు. ఉగాది ముందురోజు మిట్టమధ్యాహ్నానికి పుస్తకం మూటకట్టి ముద్ర వేస్తారు. ముద్ర పడ్డాక పుస్తకంలో అక్షరం మార్చకూడదు. కాని సముద్రాన్ని మార్చవచ్చు. ఆ వేళకూ ఓడ అక్కడే ఉంటే కోట ఫిరంగులతో ముంచేస్తే సరి, పుస్తకమూ సముద్రమూ ఒకటవుతాయి.

ఖిలేదారు తిమ్మానాయుడికి ఉత్తరువు వెళ్ళింది. ఆయన వెనక్కి మనిషిని పంపి అడిగించాడు, ఉత్తరువులో ఓడ లేదని రాశారు, లేని ఓడను ఎక్కడని కొట్టమంటారు అని. ఉన్నచోటే కొట్టమని పంతులు గారు జవాబు రాశారు.

ఆ మాట ఊళ్ళో తెలిసేసరికి గడువు ఇంకా నాలుగు రోజులుంది. సూరమ్మ రోకలి ముట్టలేదు, అన్నం ముట్టలేదు. ముత్యాలు మాత్రం గంప దించలేదు, ఊరికే కూర్చుంటే ఫిరంగి చప్పుడు ముందే వినిపిస్తోందట చెవుల్లో.

అదే రోజున వలందావాళ్ళ, అంటే డచ్చివాళ్ళ, ఓడ ఒకటి వచ్చింది. వాళ్ళ గిడ్డంగిలో తెరచాపలు కుట్టే యాను అనేవాడు ముత్యాలు దగ్గరే చేపలు కొనేవాడు. వాడు తెలుగు నేర్చుకున్నది చేపల బజారులో. అందువల్ల ఏం చెప్పినా బేరమాడుతున్నట్టే చెప్పేవాడు. స్వదేశం నుంచి వచ్చిన కబురు విని వాడికి నవ్వాగడం లేదు.

వాళ్ళ దేశానికి అవతల ఇంకో దేశం ఉందట. అక్కడి జనానికి గుడుల విషయంలో ఏదో గొడవ. అర్జీ పట్టుకుని పెద్దమనుషులంతా కోటలోకి వెళ్ళారు. అధికారులు సరైన జవాబు చెప్పలేదు. వీళ్ళు ఇద్దరు అధికారుల్ని, వాళ్ళతో ఉన్న రాయసగాణ్ణి, ముగ్గుర్నీ ఎత్తి కిటికీలోంచి పారేశారు.

"సచ్చారా?" అంది ముత్యాలు, కత్తి చేప మీద ఆపి.

"ఎక్కడ సస్తారమ్మో, కింద పేడకుప్ప. మెత్తగా ఉంది. ముగ్గురూ లేచి పోయారు. సరుకు ఒక్కటీ పాడవలేదు."

"తోసినోళ్ళనేం సేశారు?"

"వాళ్ళనెవరేం సేత్తారు. వాళ్ళే గద్దె మీద కూకున్నారు, వాళ్ళే ఉత్తరువులు రాసుకున్నారు. గట్టి బేరం."

ముత్యాలు ఆ చేప యానుకు ఊరికే ఇచ్చేసి, వాడి చెయ్యి పట్టుకుని కచేరీకి ఈడ్చుకుపోయింది.

అక్కడ పంతులు గారు వేరే బాధలో ఉన్నారు. పుస్తకంలో నూట ఏడు సంగతులే తేలాయి. పక్క రేవువాళ్ళు నూట ఎనిమిదీ పూర్తిచేశారని, ఆ హవాల్దారుకు పల్లకీ మంజూరవుతుందని వినికిడి. వలందా ఓడ కబురుందనగానే ఆయన ముఖం విప్పారింది. ఇద్దరు గొప్ప అధికారులు, ఎత్తయిన కోట, పెద్ద సభ అని యాను మొదలుపెట్టేసరికి, ఒక అధికారి వేషం మాదే అన్నారు. రెండోది నాయుడిది. రాయసం వేషం గవర్రాజుది.

తరవాత యాను మిగతాది చెప్పాడు.

పంతులు గారు చాలాసేపు తాంబూలం నమిలారు. ఈ వేషానికి కుమ్మరి వీరన్న చాలడా అని అడిగారు. సవరణ తమరిదేనండి అన్నాడు గవర్రాజు. పోనీ ఈ సంగతి వదిలేద్దామా అంటే నూట ఏడు అశుభం. ఎంత ఎత్తు అని అడిగితే, తాడిచెట్టుకు తక్కువ కాదన్నాడు యాను. గంగాళం సముద్రమైనప్పుడు మన మేడ కిటికీ ఆ కోట కిటికీ కాదా అని పంతులు గారు తగ్గించారు. ఆ మేడకు ఉన్నదల్లా ఒక్క కిటికీ, మేకులు కొట్టిందే. పెరికించక తప్పదు. పేడకు బదులు దూదిపరుపులు వేద్దామన్నారు.

"పేడ," అన్నాడు యాను. "నా కాడ ఒకటే మాట. పరుపు రాసుకుంటే సరుకు కల్తీ."

పంతులు గారు తెల్లబోయి గవర్రాజు వంక చూశారు, గవర్రాజు నేల వంక చూశాడు. అబద్ధం రాయడం వాళ్ళ వంశంలో లేదు.

"పేడయే అగుగాక," అన్నారు పంతులు గారు.

ఉగాది ముందురోజు పొద్దున్నే పేడ రావడం మొదలైంది. ఎవరూ పిలవలేదు. గంపలు, తట్టలు, చేటలు. ఇంట్లో ఆవు లేనివాళ్ళు పక్కింట్లో అడిగి తెచ్చారు. కుప్ప నడుం ఎత్తయింది, గుండె ఎత్తయింది. పండగకు అలికినంత భక్తిగా పైన నీళ్ళు చల్లారు. ఇక తోసే పెద్దమనుషులుగా ఎవరుండాలన్న దానికి కచేరీ గుమ్మం నుంచి చేపల బజారు దాకా జనం బారులు తీరారు. గుర్రాలశాల కాలిన సాయిబు, టోపీ రంగు పట్టిన గంగాళాన్ని తోమి తోమి చేతులు పుండైన పనిమనిషి, కాగడా పట్టి కాలు విరిగినవాడు కర్రమీద కుంటుతూ, అందరూ వచ్చారు. పదిమందికి మించకూడదని గవర్రాజు తగ్గించాడు. అర్జీ చదివేది ముత్యాలు. కబురు తెచ్చింది ఆమె కనుక ఆ హక్కు ఆమెదని కట్టడిలోనే ఉంది.

మేడమీద గద్దె వేసి పంతులు గారు, పక్కన ఖిలేదారు నాయుడు కూర్చున్నారు. ఫిరంగుల దగ్గర ఎవరున్నారని నాయుణ్ణి అడిగితే, నేనిక్కడుంటే అక్కడెవరుంటారు, మధ్యాహ్నానికి వెళ్ళి అంటిస్తాను అన్నాడు. కిటికీ మేకులు పెరికారు. పంతులు గారు కళ్ళు గద్దెకే అతికించుకుని కూర్చున్నారు.

ముత్యాలు ముందుకొచ్చింది. చేతులు కొంగులోంచి తీసింది. గాజులు గలగలమన్నాయి.

"అయ్యా, మావోళ్ళు పదకొండుమంది నీళ్ళ మీద ఉన్నారు. తాగడానికి నీళ్ళు లేవు. వచ్చి పది రోజులైంది. ఒక చీటీ రాయమని అడుగుతున్నాం. రాత్తారా, రాయరా?"

"కట్టడి అనుమతించదు," అన్నారు పంతులు గారు. అది వేషం మాటో సొంత మాటో ఆయనకే తెలియదు.

యాను తల ఊపాడు. సరిగ్గా ఇలాగే జరిగిందన్నాడు.

ముందు నాయుడు వెళ్ళాడు. బరువైన మనిషి, నలుగురు పట్టవలసి వచ్చింది. కింద ధబ్బుమని మెత్తటి చప్పుడయింది, జనం లెక్కగా ఒకటి అన్నారు. తరవాత పంతులు గారు. సగం దూరం వెళ్ళి కిటికీ గడపను రెండు చేతులా పట్టుకున్నారు. అక్కడ కూడా ఒకాయన ఇలాగే పట్టుకున్నాడని, వేళ్ళ మీద కొట్టి వదిలించారని యాను సాక్ష్యం చెప్పాడు. సూరమ్మ ముసలి చెయ్యి చాపి, పసిపిల్లవాడి గుప్పిట విప్పినట్టు ఒక్కొక్క వేలే విప్పింది. "ఎల్లు నాయనా, ఎల్లు," అంది.

కిటికీకి పేడకుప్పకు నడుమ మనిషి ఉండేది రెప్పపాటు. ఆ రెప్పపాటులో పంతులు గారి ముఖం సముద్రం వైపుంది. గొడుగు లేదు, బంట్రోతు లేడు, పది రోజులుగా చూడని సముద్రమంతా ఒక్కసారి కళ్ళలో పడింది.

మూడోవాడిగా గవర్రాజు తనంతట తానే ఎక్కి, కళ్ళు మూసుకుని దూకాడు. రాసే పని ఆగకూడదని ఎవరికన్నా ముందు లేచి, పేడ కారుతూనే మేడెక్కి వచ్చాడు. అప్పటికి గద్దె మీద ముత్యాలు కూర్చుని ఉంది. కబురులో అలాగే ఉంది కనుక ఎవరూ అడ్డం చెప్పలేదు.

"చీటీ రాయి," అంది.

గవర్రాజు చెవిలోని పేడ తీసుకుని, గద్దె మీద ఎవరున్నా సరే, హవాల్దారు గారు చూసినదే రాయగలనన్నాడు. ఓడను ఆయన చూడలేదు. పొద్దు నడినెత్తికి వస్తోంది. కింద నాయుడు అప్పటికే కుప్పలోంచి కాళ్ళు పెరుక్కుంటున్నాడు, ఫిరంగులకు వేళవుతోందని.

ముత్యాలు కిటికీలోంచి వంగింది.

"పంతులు గారూ, పడేటప్పుడు ఏం సూశారండి?"

పేరయ్య పంతులు గారు మెడదాకా పేడలో కూర్చుని ఉన్నారు. నెత్తిన కుళ్ళాయి లేదు. ఆ మనిషికి లోకం తెలియకపోవచ్చు, పనసకొమ్మ మీద ఆశ ఉండవచ్చు. కాని ఆ ఏడంతా ఆయన నమ్మింది ఒక్కటే, చూసింది చూశాననాలి. కచేరీ ఆవరణలో, కచేరీ వేళలో, రెండు కళ్ళూ తెరిచి ఉండగా చూశారు. చూడలేదనడానికి నోరు తిరగలేదు.

"అతుకుల తెరచాప గల ఓడ," అన్నారు నెమ్మదిగా. "దాని అంచున ఎడమచేత్తో గుడ్డ ఊపుతున్న మనిషి. చూచితిమి."

పైనుంచి గవర్రాజు గొంతు వచ్చింది. అరవై ఒకటో సంగతిని కొట్టివేయకూడదు గదా, ఏమి చేయమంటారని.

పంతులు గారు గడ్డం మీది పేడ తుడుచుకుని ఆలోచించారు.

"మేఘము దిగెనని ఉన్నది. ఇప్పుడు మేఘము లేచెనని రాయి. వేరే సంగతి చేయకు, నూట తొమ్మిదవుతుంది. ఇందులోనే కలుపు."

నూట ఎనిమిదో సంగతి కాళయుక్తి పుస్తకంలో అన్నింటికన్నా పొడుగైంది. చీటీ మీద వేలిముద్ర ముత్యాలుది, ముద్ర కచేరీది, కింద అంటిన మరక గవర్రాజుది. పడవలు ఒక్కసారిగా నీళ్ళలోకి తోశారు. నాయుడు అప్పటికి కోట మెట్ల దగ్గరికి చేరాడు గాని, ఉత్తరువు మారిందని ఎవరో చెబితే, అయితే స్నానానికి పోతాను అన్నాడు.

పొద్దు వాలకముందే పదకొండుమందీ ఇసకలో దిగారు. పోలయ్య చిక్కిపోయాడు, నల్లబడ్డాడు, గడ్డం గుండెలదాకా పెరిగింది. సూరమ్మ కొడుకును పైనుంచి కిందికి చూసి, నిలువెత్తే ఉన్నాడని తృప్తిపడింది.

పాత పుస్తకం మూటకట్టి గుర్రం మీద వెళ్ళిపోయింది. తెల్లవారితే సిద్ధార్థి నామ సంవత్సరం. మూడుసార్లు స్నానం చేసినా వాసన పోని గవర్రాజు కొత్త పుస్తకం చంకలో పెట్టుకుని ఒడ్డున నిలబడి ఉన్నాడు. వెనక, ఆరవేసిన కుళ్ళాయి పెట్టుకుని పంతులు గారు. వాళ్ళ వెనక కడిగిన గంగాళం మోస్తూ ఇద్దరు బంట్రోతులు.

పోలయ్య పెళ్ళాం భుజం మీద చెయ్యి వేసి, ఆనందం పట్టలేక గట్టిగా మొదలెట్టాడు.

"ఇది విన్నావటే, పెగూలో రాజుగారి తెల్లేనుగు..."

ముత్యాలు అరచేత్తో అతని నోరు మూసేసింది.

"తెల్లేనుగు అన్నట్టున్నది," అన్నాడు గవర్రాజు, కలం తీస్తూ.

"ఏం లేదండి," అంది ముత్యాలు. "ఎల్లాడు, వచ్చాడు. దారిలో గాలి బాగుందంట."

పంతులు గారు ఆశగా రెండడుగులు ముందుకొచ్చారు. ముత్యాలు మొగుణ్ణి ఇంటి వైపు తిప్పింది. అతని కళ్ళలో ఆరు నెలల కబుర్లు మెరుస్తున్నాయి, బుగ్గలు ఉబ్బుతున్నాయి. గడ్డం అరచేతికి ముళ్ళలా గుచ్చుకుంటోంది. వీధి మలుపు తిరిగి, గుమ్మం దాటి, లోపల గడియ పెట్టేదాకా ఆమె చెయ్యి తియ్యలేదు.